ఎనిమిది పోర్టులు, ఒక పటం: ఇంటి డెస్క్‌టాప్ యూఎస్‌బీ డైరీ

శనివారం ఉదయం: ఫిర్యాదులు

డెస్క్‌టాప్‌కి వెనక ఆరు, ముందు రెండు యూఎస్‌బీ పోర్టులు. వాటి మీద ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో ఫిర్యాదు. ముందు పోర్టులో పెట్టిన పోర్టబుల్ హార్డ్ డిస్క్ కాపీ సగంలో ఉండగా మాయమైపోతుంది. పాత పెన్ డ్రైవ్‌ని ముందు ఎడమ పోర్టులో పెడితే "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్" అంటుంది. కొత్త పెన్ డ్రైవ్ మాత్రం అదే పోర్టులో హాయిగా పని చేస్తుంది. ప్రింటర్ పొద్దున ఉంటుంది, మధ్యాహ్నానికి ఆఫ్‌లైన్. వైర్‌లెస్ మౌస్ ఉండుండి తడబడుతుంది. తమ్ముడి ఫోన్‌కి చార్జింగ్ ఎక్కుతుంది గానీ ఫొటోలు కంప్యూటర్‌లోకి రావు.

ఇవన్నీ ఒకేసారి వింటే మదర్‌బోర్డు పోయిందనే అనిపిస్తుంది. తమ్ముడి సలహా వేరు: "అక్కా, డ్రైవర్లన్నీ తీసేసి మళ్ళీ వేసెయ్. లేకపోతే విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించేద్దాం." నాకు ఆ దారి నచ్చదు. పని చేసినా ఎందుకు చేసిందో తెలియదు, వచ్చే నెల మళ్ళీ మొదటికొస్తుంది. పైగా లెక్క కూడా కుదరదు. కీబోర్డు, మౌస్, పెన్ డ్రైవ్ లాంటి వాటికి విడిగా డ్రైవర్ (పరికరంతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు, ఆ రకం పరికరాలన్నిటికీ పనికొచ్చే ఉమ్మడి డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే వస్తుంది. ఈ బోర్డులో పోర్టులన్నిటినీ నడిపే కంట్రోలర్ ఒక్కటే, దాని డ్రైవర్ కూడా ఒక్కటే. అదే చెడితే ఎనిమిది పోర్టులూ ఒకేసారి పడకేయాలి. వెనక కీబోర్డు నిక్షేపంగా పని చేస్తోంది కాబట్టి డ్రైవర్ జోలికి ఇప్పుడే పోను. ముందు తీగలు, కరెంటు, ఏ పోర్టు దేనికి తగులుకుని ఉందో చూస్తాను.

పనికి పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు. కేబుల్, పోర్టు రెండూ కలిపి మారిస్తే, బాగైంది దేనివల్లో తెలియదు. ఇంకోటి, అన్నిటికంటే ముందు చేసింది: మధ్యలో ఊడిపోతున్న ఆ హార్డ్ డిస్క్‌ని వెనక పోర్టుకి తగిలించి, అందులో ఉన్నదంతా వేరే చోటికి కాపీ చేసి పెట్టాను. రాస్తుండగా పదే పదే తెగిపోయే డిస్క్‌లో ఫైల్ సిస్టమ్ చెడిపోవడానికి ఎంతో సేపు పట్టదు. రిపేర్ ప్రయోగాలు ఉన్న ఒక్క ప్రతి మీద చేయకూడదు.

శనివారం మధ్యాహ్నం: పటం గీయడం

క్యాబినెట్ మీద కనిపించే పోర్టుల వరసకీ, లోపల అవి కంట్రోలర్‌కి కలిసే తీరుకీ సంబంధం ఉండాలని లేదు. యూఎస్‌బీ మొత్తం ఒక చెట్టు. మొదట్లో కంట్రోలర్, దానికి రూట్ హబ్ (ఒక దారిని చాలా పోర్టులుగా చీల్చేది హబ్, వాటిలో మొదటిది రూట్ హబ్), అక్కడి నుంచి కొమ్మలు, కొమ్మ మీద ఇంకో హబ్ ఉంటే మళ్ళీ ఉపకొమ్మలు. పరికరానికి ఇచ్చే చిరునామా 7 బిట్లది. అందులో సున్నాని కొత్తగా వచ్చినవాటి కోసం అట్టే పెడతారు కాబట్టి ఒక కంట్రోలర్ కింద 127 పరికరాలకే చోటు. వరసగా ఒకదాని వెనక ఒకటి హబ్‌లు తగిలించుకుంటూ పోతే రూట్ హబ్ కాక ఐదు వరకే. ఇంట్లో ఆ హద్దులు ఎవరమూ తాకం. కానీ ఏ కొమ్మ మీద ఏది కూర్చుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

పోర్టు పోర్టుకీ చిన్న స్టిక్కర్ అంటించాను: వెనకవి వె1 నుంచి వె6, ముందువి ము1, ము2. మంచిదని తెలిసిన ఒక 3.0 (2.0 కంటే వేగమైన యూఎస్‌బీ ప్రమాణం) పెన్ డ్రైవ్, ఒక తీగ మౌస్ పట్టుకుని ఒక్కో పోర్టులో పెట్టి చూశాను. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో "డివైసెస్ బై కనెక్షన్" ఎంచుకుంటే జాబితా పోయి చెట్టు కనిపిస్తుంది. నాకు మాత్రం లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) చూపించే పద్ధతే ఎక్కువ ఇష్టం. పెన్ డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసుకోవచ్చు, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అందులో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి మైనస్ టి చేర్చి కొడితే చెట్టూ, ప్రతి పరికరం పక్కన అది ఎంత వేగంతో కలిసిందో వస్తాయి: 1.5ఎం, 12ఎం, 480ఎం, 5000ఎం. ఎం అంటే సెకనుకి మెగాబిట్‌లు. మొదటి రెండూ (లో స్పీడ్, ఫుల్ స్పీడ్) 1996 నాటి తొలి ప్రమాణం వేగాలు. ఇప్పటికీ చాలా కీబోర్డులు, మౌస్‌లు వాటితోనే నడుస్తాయి. 480 మెగాబిట్‌లు 2000లో వచ్చిన 2.0ది (హై స్పీడ్), 5000 అంటే 2008 నాటి 3.0ది (సూపర్‌స్పీడ్). ఇంకో లాభం కూడా ఉంది. విండోస్‌లో కనిపించే లోపం లైవ్ లినక్స్‌లోనూ అచ్చం అలాగే కనిపిస్తే, అది విండోస్ డ్రైవర్‌ది కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

పటం పూర్తయ్యేసరికి రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, నీలం పోర్టు (లోపలి నాలుక నీలంగా ఉన్నది, మామూలుగా 3.0ది) ఒక్కోటీ చెట్టులో రెండు చోట్ల ఉంటుంది. 2.0 పరికరం పెడితే ఒక రూట్ హబ్ కింద, 3.0 పరికరం పెడితే ఇంకో రూట్ హబ్ కింద కనిపిస్తుంది. బయటికి ఒక్కటే పోర్టు, లోపల రెండు దారులు. ఈ సంగతి సాయంత్రానికే పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు. రెండోది, వెనక నల్ల పోర్టులు వె5, వె6 నేరుగా కంట్రోలర్‌కి కలవవు. మదర్‌బోర్డు మీదే ఉన్న ఒక చిన్న హబ్ చిప్ వెనక ఉన్నాయి. ప్రింటర్ ఉన్నది వె6లో.

చిన్న పక్కమాట. వె2లో 3.0 పెన్ డ్రైవ్ పెడితే మొదట 480 అని చూపించింది. తీసి, ఈసారి నాన్చకుండా ఒక్క ఊపులో లోపలికి తోస్తే 5000 వచ్చింది. నెమ్మదిగా తోస్తే 2.0 పిన్నులు ముందు తగులుకుని, 3.0 పిన్నులు అందేలోపే కంప్యూటర్ దాన్ని 2.0 పరికరంగా లెక్కేసుకుంటుంది. కాబట్టి కాపీ నత్తనడక నడుస్తుంటే ముందు తీసి ఇంకోసారి గట్టిగా పెట్టి చూడాలి. పోర్టు నీలంగా ఉంది కదా అని 3.0 అనుకోవడమూ పొరపాటే. ఆ రంగు ప్రమాణంలో సిఫార్సు మాత్రమే, తప్పనిసరి కాదు. కాబట్టి రంగుని నమ్మకుండా చెట్టులో చూపిన వేగాన్నే స్టిక్కర్ మీద రాశాను.

శనివారం సాయంత్రం: పాత పెన్ డ్రైవ్, ము1

ఇది అన్నిట్లోకీ రుచికరమైన కేసు. ము1లో పాత పెన్ డ్రైవ్ పెడితే దాని లైట్ వెలుగుతుంది. విండోస్ ఆలోచించి ఆలోచించి "డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అంటుంది, ప్రాపర్టీస్‌లో కోడ్ 43. అదే పెన్ డ్రైవ్ వె1లో బాగానే తెరుచుకుంటుంది. కొత్త పెన్ డ్రైవ్ ము1లో బాగానే తెరుచుకుంటుంది. అంటే పోర్టూ మంచిదే, పెన్ డ్రైవూ మంచిదే, కలిస్తేనే గొడవ. ఇలాంటప్పుడే జనం ఆ పెన్ డ్రైవ్ పాతబడిందని చెత్తబుట్టలో పడేస్తారు.

పరికరం తగిలించగానే ఏం జరుగుతుందో తెలిస్తే ఈ ముడి విడిపోతుంది. 2.0 దాకా యూఎస్‌బీ‌లో నాలుగే తీగలు: 5 వోల్ట్‌ల కరెంటు, గ్రౌండ్, మధ్యలో డేటా తీగలు డి ప్లస్, డి మైనస్. పరికరం తన లోపలి 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో ఈ రెండిట్లో ఒకదాన్ని పైకి లాగుతుంది. డి ప్లస్ లేస్తే ఫుల్ స్పీడ్ లేదా హై స్పీడ్ పరికరం వచ్చిందని, డి మైనస్ లేస్తే లో స్పీడ్ పరికరం వచ్చిందని కంప్యూటర్‌కి అర్థమవుతుంది. అప్పుడది రీసెట్ పంపి, "నువ్వెవరు?" అని డిస్క్రిప్టర్ (పరికరం తన గురించి చెప్పుకునే వివరం) అడిగి, ఒక చిరునామా కేటాయిస్తుంది. కోడ్ 43తో ఈ డిస్క్రిప్టర్ మాట వచ్చిందంటే, ఎవరో వచ్చారని తెలిసింది గానీ పేరు అడిగితే జవాబు రాలేదని. పేరే తెలియనప్పుడు ఏ డ్రైవర్ వేయాలో విండోస్‌కి ఎలా తెలుస్తుంది? డ్రైవర్ దశ దాకా కథ వెళ్ళనేలేదు.

లినక్స్‌లో సిస్టమ్ లోపలి సందేశాలను అప్పటికప్పుడు చూపే డీఎంఈఎస్‌జీ కమాండ్‌ని మైనస్ డబ్ల్యూతో నడిపిస్తూ పాత పెన్ డ్రైవ్ పెట్టాను. "న్యూ ఫుల్-స్పీడ్ యూఎస్‌బీ డివైస్" అని ఒక లైను, వెంటనే "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71" అని వరసగా, చివరికి "అన్ఏబుల్ టు ఎన్యూమరేట్", అంటే పరికరాన్ని గుర్తించి చేర్చుకోలేకపోయానని. ఎర్రర్ -71 అంటే ప్రోటోకాల్ లోపం, తీగ మీద వచ్చింది అర్థం కాలేదని. -110 వస్తే సమయం మించిపోయిందని. -71 కనిపిస్తే నా చూపు ముందు కేబుల్, పిన్నుల మీదికే పోతుంది. ఇక్కడ ఇంకో ఆచూకీ కూడా ఉంది: వె1లో హై స్పీడ్ అని కనిపించిన పరికరం ఇక్కడ ఫుల్ స్పీడ్ దగ్గరే ఆగిపోయింది. హై స్పీడ్‌కి ఎక్కడానికి రీసెట్ సమయంలో రెండు వైపులా ఒక సంకేతం మార్చుకోవాలి. అదే కుదరలేదన్నమాట.

కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర స్విచ్ కూడా ఆపి, టార్చ్ వేసి ము1 లోపలికి చూశాను. నీలం నాలుక అంచున ఐదు చిన్న బల్లపరుపు రేకులు, వాటి వెనక, ఇంకా లోపలికి, నాలుగు పొడుగాటి స్ప్రింగ్ రేకులు. ఆ నాలుగూ మధ్యలో కాస్త ఉబ్బి ఉండాలి. మూడు అలాగే మెరుస్తున్నాయి. మధ్య రెండిట్లో ఒకటి నాలుకకి అతుక్కుపోయినట్టు అణిగిపోయి, దాని మీద బూడిదరంగు దూది పోగు కూరుకుని ఉంది. చివరి రెండూ కరెంటువి, మధ్య రెండూ డేటావి. ఇంకేం కావాలి? కరెంటు అందుతోంది కాబట్టి లైట్ వెలిగింది. ఒక డేటా రేకు తగులుతోంది కాబట్టి ఎవరో వచ్చారని తెలిసింది. రెండోది తగలడం లేదు కాబట్టి మాట సాగలేదు. మరి కొత్త పెన్ డ్రైవ్ ఎలా పని చేసింది? 3.0 వచ్చినప్పుడు పాత నాలుగు తీగలను కదపకుండా పక్కన కొత్తగా ఐదు చేర్చారు. 3.0 పరికరం డేటాని ఆ కొత్త తీగల మీదే నడుపుతుంది, డి ప్లస్, డి మైనస్ లేకపోయినా దానికి లోటు లేదు. పటంలో చూసిన రెండు దారులు ఇవే.

చెక్క టూత్‌పిక్‌తో ఆ పోగు లాగేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపిన సన్న బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టి చూశాను. ఇప్పుడు ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. స్ప్రింగ్ సత్తువ పోయింది. సూదితో పైకి లేపొచ్చు గానీ నేను లేపలేదు. అలిసిపోయిన రేకు మళ్ళీ అణుగుతుంది, లేదా పక్క రేకు మీదికి వంగుతుంది. ఆ పక్కనే 5 వోల్ట్‌ల పిన్ను ఉంటే షార్ట్ అవుతుంది. టేప్ ముక్క అంటించి ము1ని మూసేశాను. ముందు ప్యానెల్‌ది ఇంకో ఫిర్యాదు ఎలాగూ ఉంది, రెండూ కలిపి తేలుద్దాం.

ఆదివారం ఉదయం: ఊడిపోయే డిస్క్, ము2

డిస్క్‌తో వచ్చిన పొట్టి కేబుల్ మీదే ముందు అనుమానం. కానీ అదే కేబుల్, అదే డిస్క్ వె1లో గంటల తరబడి కాపీ చేసినా చెక్కు చెదరలేదు. అంటే డిస్కూ, కేబులూ నిర్దోషులు. మిగిలింది ము2 నుంచి మదర్‌బోర్డు దాకా ఉన్న దారి.

ఇక్కడ కరెంటు లెక్క చూడాలి. 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంప్‌లు, 3.0 పోర్టు 900. తిరిగే పళ్ళేలున్న డిస్క్ మామూలుగా ఆ హద్దులోనే ఉన్నా, పళ్ళేలు కదలడం మొదలుపెట్టే ఆ కొద్ది క్షణాల్లో గట్టిగా లాగుతుంది. దారిలో తీగ సన్నగా ఉన్నా, జాయింట్ వదులుగా ఉన్నా వోల్టేజ్ అప్పుడే పడిపోతుంది. 3.0 ప్రమాణం ప్రకారం పోర్టు దగ్గర 4.45 వోల్ట్‌ల కంటే దిగకూడదు.

పోర్టుకీ పరికరానికీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ ఒకటుంది నా దగ్గర. దానిలో నాలుగు తీగలే ఉన్నాయి కాబట్టి అది మధ్యలో ఉన్నంతసేపు డిస్క్ 2.0 వేగంతోనే కలుస్తుంది. వోల్టేజ్ కొలవడానికి అది చాలు, వేగం పరీక్షకి మాత్రం పనికిరాదు. వె1లో డిస్క్ లేస్తున్నప్పుడు 4.9కి కాస్త పైన నిలబడింది. ము2లో ఏమీ పెట్టనప్పుడు 5.05, డిస్క్ లేస్తుంటే 4.3కి జారి, డిస్క్ ఒక్క "టిక్" కొట్టి ఆగి, మళ్ళీ మొదటి నుంచి లేవబోయింది. ఆ టిక్కు వింటే డిస్క్ పోయిందని గుండె జారుతుంది. వెనక పోర్టులో ఆ చప్పుడే లేదు.

పక్క పలక విప్పాను. ముందు ప్యానెల్ నుంచి లావుపాటి కేబుల్ వచ్చి మదర్‌బోర్డు మీద 19 పిన్నుల హెడర్‌లోకి (కేబుల్ తగిలించే పిన్నుల గుంపులోకి) దిగుతుంది. రెండు 3.0 పోర్టులకీ కలిపి ఒకటే. ఆ కనెక్టర్ ఒక వైపు పైకి లేచి ఉంది, ఊగిసలాడుతోంది. దీన్ని అటూ ఇటూ ఊపి లాగితే పిన్నులు వంగిపోతాయి, ఆ హెడర్‌ల పిన్నులు అంత సన్నం. నిలువుగా పైకి తీసి, పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయని టార్చ్‌తో చూసుకుని, నిలువుగానే చివరి దాకా నొక్కాను. ము2లో వోల్టేజ్ 4.6కి మెరుగుపడింది. డిస్క్ లేచింది. కానీ పెద్ద ఫైలు కాపీ పెట్టి డీఎంఈఎస్‌జీ చూస్తుంటే "రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్" అని ఒక్కో లైను పడుతూనే ఉంది. కాపీ తెగలేదు గానీ మధ్యమధ్య ఊపిరి బిగబట్టినట్టు ఆగి మళ్ళీ కదులుతోంది. కరెంటు సర్దుకుంది, సిగ్నల్ ఇంకా సర్దుకోలేదు. 5 గిగాబిట్‌ల సిగ్నల్‌కి ఇంత పొడుగు లోపలి కేబుల్, రెండు జాయింట్‌లు అసలే భారం. వెనక పోర్టులు బోర్డు మీదే అతికి ఉంటాయి, అందుకే డిస్క్‌లకి ఎప్పుడూ వెనక పోర్టే నా మొదటి ఎంపిక.

ము1లో స్ప్రింగ్ పోయింది, ము2లో కేబుల్ బాలేదు. ప్యానెల్ పోర్టులూ కేబులూ కలిపి ఒకే భాగంగా దొరుకుతాయి కాబట్టి మొత్తం మార్చేయడమే తెలివైన పని. ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా డిస్క్ వె1కే. ఇలా విప్పలేని ల్యాప్‌టాప్ వాళ్ళకైతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనుక్కోమంటాను. అడాప్టర్ లేని హబ్ మాత్రం ఇలాంటి డిస్క్‌కి అసలుకే ఎసరు. ఒక పోర్టు ఇచ్చే కరెంటునే అందరికీ పంచాలి కదా.

ఆదివారం మధ్యాహ్నం: మౌస్

డిస్క్ వెనక్కి మారగానే మౌస్ తంటా మళ్ళీ మొదలు. "అక్కా, నువ్వేదో కాపీ పెట్టావు, మౌస్ మళ్ళీ తిక్కతిక్కగా పోతోంది!" తమ్ముడికి తెలియకుండానే సమాధానం వాడి మాటలోనే ఉంది: కాపీ పెట్టినప్పుడే. మౌస్ రిసీవర్ వె2లో, డిస్క్ దాని పక్కనే వె1లో.

వైర్‌లెస్ మౌస్‌లు, బ్లూటూత్, చాలా వైఫైలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పని చేస్తాయి. 3.0 డేటా పారుతున్నప్పుడు కేబుల్, కనెక్టర్‌ల నుంచి సరిగ్గా ఆ ప్రాంతంలోనే రేడియో రొద బయటికి వస్తుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద కొలతలతో సహా ఒక పత్రం వెలువరించింది. వేలెడంత రిసీవర్‌కి ఇది మిక్సీ తిరుగుతుంటే పక్కన నిలబడి గుసగుసలు వినాల్సి రావడం లాంటిది.

నమ్మకం కోసం పరీక్ష: డిస్క్‌ని నల్ల పోర్టులో పెట్టి, అంటే 2.0 వేగంతో కాపీ చేస్తే మౌస్ వెన్నలా కదిలింది. మళ్ళీ నీలం పోర్టులో పెడితే తడబాటు. డిస్క్‌ని నీలం పోర్టులోనే ఉంచి, మౌస్ రిసీవర్‌ని పొట్టి ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి తెచ్చాను, తడబాటు పోయింది. మౌస్ బ్యాటరీ మార్చడం, మౌస్‌ప్యాడ్ మార్చడం ఇంట్లో ఇదివరకే అయ్యాయి. వాటితో పోయే జబ్బు కాదిది. యూఎస్‌బీ వైఫై డాంగిల్ వాడేవాళ్ళకి డిస్క్ కాపీ పెట్టగానే నెట్ నెమ్మదించినా ఇదే వైద్యం.

ఆదివారం రాత్రి: ప్రింటర్

ఒకే రోగ లక్షణం వెనక రెండు కారణాలు దాక్కున్న కేసు ఇది.

మొదటిది నిద్ర. కాసేపు వాడని యూఎస్‌బీ పరికరాన్ని విండోస్ పడుకోబెడుతుంది, సెలెక్టివ్ సస్పెండ్ అంటారు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ మిగులుతుంది కాబట్టి మంచి ఏర్పాటే. కొన్ని పాత ప్రింటర్లు మాత్రం లేపితే లేవవు. చాలామంది డివైస్ మేనేజర్‌లో రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్ టు సేవ్ పవర్" టిక్ తీసేసి, ఫలితం లేదని వదిలేస్తారు. పటం ఉంది కాబట్టి నాకు తెలుసు, ప్రింటర్‌కీ రూట్ హబ్‌కీ మధ్య బోర్డు మీది చిన్న హబ్ ఒకటుంది. డివైస్ మేనేజర్‌లో దాని పేరు "జెనెరిక్ యూఎస్‌బీ హబ్". టిక్ తీయాల్సింది దాని దగ్గర. తీశాను. మిగతా వాటి టిక్‌లు అలాగే ఉంచాను, అన్నిటికీ నిద్ర మాన్పించాల్సిన పని లేదు.

రెండోది, ప్రింటర్ల జాబితాలో అదే ప్రింటర్ రెండుసార్లు ఉంది, రెండోదాని పక్కన "కాపీ 1" అని. బల్ల తుడిచిన ప్రతిసారీ కేబుల్ ఊడదీసి చేతికందిన పోర్టులో పెడుతున్నారు. తనదంటూ సీరియల్ నంబర్ చెప్పే పరికరాన్ని విండోస్ ఏ పోర్టులో పెట్టినా గుర్తుపడుతుంది. చెప్పని పరికరాన్ని పోర్టుని బట్టే గుర్తుపెట్టుకుంటుంది. పోర్టు మారితే దాని లెక్కలో కొత్త పరికరం వచ్చినట్టు, పాతది ఆఫ్‌లైన్‌లో ఉన్నట్టు. ప్రింట్ ఇచ్చేది డీఫాల్ట్‌గా ఉన్న పాతదానికి, అది పలికేదెక్కడ! కాపీని తీసేసి, కేబుల్‌ని వె6లో పెట్టి, "ప్రింటర్‌ది, తీయొద్దు" అని స్టిక్కర్ మీద రాశాను.

డ్రైవర్‌కి నిజంగా పని పడేది ఇలాంటి చోటే. ఒక పోర్టులో మాత్రమే మొరాయించే పరికరం పిన్నులు, కేబుల్ బాగుంటే, ఆ పోర్టుకి సంబంధించి విండోస్ రాసుకున్న పాత నమోదు చెడి ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో "షో హిడెన్ డివైసెస్" ఎంచుకుంటే, ఎప్పుడో తగిలించి తీసేసినవన్నీ వెలిసిపోయిన రంగులో కనిపిస్తాయి. ఆ పరికరానిది మాత్రం అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ తగిలిస్తే చాలు, మిగతా ఊరంతా తవ్వక్కర్లేదు.

అదే రాత్రి, కొసరు: ఫోన్

ఇది తేలిగ్గా తేలింది. తమ్ముడి కేబుల్‌లో కరెంటు తీగలు రెండే ఉన్నాయి, డేటా తీగలు లేవు. చార్జింగ్ కోసం మాత్రమే చేసినవి అలాగే ఉంటాయి. నా కేబుల్ పెట్టి, ఫోన్ తెర మీద వచ్చిన నోటిఫికేషన్‌లో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" నొక్కగానే ఫొటోలు కనిపించాయి. ఆ కేబుల్‌కి ఎర్ర టేప్ చుట్టాను. టైప్-సి కేబుల్‌ల గురించి కూడా వాడికి చెప్పాను: ఆ మూతి చూసి వేగం ఊహించకు. లోపల 2.0 తీగలే ఉన్న టైప్-సి కేబుల్‌లు కోకొల్లలు.

వారం మధ్యలో: షట్‌డౌన్ చేసినా పోనిది

ఒక సాయంత్రం వె3లో పెట్టిన వెబ్‌క్యామ్ పలకడం మానేసింది. షట్‌డౌన్ చేసి వేసినా అంతే, రీస్టార్ట్ చేస్తే మాత్రం బాగైంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. కెర్నల్ (విండోస్ గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్క్‌లో దాచిపెట్టి, వేయగానే మళ్ళీ అదే ఎత్తుకుంటుంది. రీస్టార్ట్ అలా కాదు, అన్నీ మొదటి నుంచి మొదలెడుతుంది. ఇంకో కోణం కూడా ఉంది: చాలా డెస్క్‌టాప్‌లలో కంప్యూటర్ ఆపినా పోర్టుల్లో స్టాండ్‌బై కరెంటు ఉంటూనే ఉంటుంది, కాబట్టి చిక్కుకుపోయిన పరికరం అలాగే చిక్కుకుని ఉంటుంది. గోడ స్విచ్ ఆపి, పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుని వదిలితే మిగిలిన చార్జ్ కూడా దిగిపోతుంది. ఓవర్‌లోడ్ అయి పోర్టు దానంతటదే మూసుకుపోయిన సందర్భాల్లోనూ ఇది పని చేయొచ్చు. చాలా బోర్డుల్లో పోర్టులకి కాపలాగా ఉండే ఫ్యూజ్ వేడెక్కితే తెగినట్టయి, చల్లారితే మళ్ళీ కలిసే రకం.

తర్వాతి శనివారం: కొత్త ప్యానెల్

ముందు ప్యానెల్ భాగం వచ్చింది. పాతది తీసి, కొత్త కేబుల్‌ని 19 పిన్నుల హెడర్‌లోకి దించి, గ్రాఫిక్స్ కార్డ్ ఫ్యాన్‌కి తగలకుండా క్యాబినెట్ అంచు వెంట కట్టాను. మీటర్ పెడితే ము2లో డిస్క్ లేస్తున్నప్పుడు 4.85. పాత పెన్ డ్రైవ్ ము1లో మొదటి దెబ్బకే పలికింది, చెట్టులో 480 అని సరిగ్గా చూపించింది.

కాపీ ఆగకుండా జరిగిందంటే సరిపోదు, వెళ్ళింది సరిగ్గా వెళ్ళిందో లేదో చూడాలి. ఒక పెద్ద వీడియో ఫైలుని ము2లోని డిస్క్‌కి కాపీ చేసి, డిస్క్‌ని సురక్షితంగా తీసి మళ్ళీ తగిలించి, విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌కి మైనస్ హ్యాష్‌ఫైల్ జోడించి రెండు ప్రతులకీ ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలుకి వేలిముద్ర లాంటి అక్షరాల వరస) తీశాను. తీసి తగిలించడం ఎందుకంటే, లేకపోతే విండోస్ డిస్క్ నుంచి కాకుండా మెమరీలో మిగిలిన ప్రతిని చదివి ఇచ్చే వీలుంది. రెండు వరసలూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. తర్వాత లైవ్ లినక్స్‌లో ఇంకో పెద్ద కాపీ పెట్టి డీఎంఈఎస్‌జీ చూస్తూ కూర్చున్నాను, రీసెట్ లైను ఒక్కటీ పడలేదు. అయినా డిస్క్ శాశ్వత స్థానం వె1కే ఇచ్చాను, ము2 వచ్చిపోయే వాటికి.

పటాన్ని కొత్త కొలతలతో మళ్ళీ రాసి క్యాబినెట్ పక్క పలక లోపలి వైపు అంటించాను: ఏ స్టిక్కర్ ఏ కొమ్మ మీద ఉంది, ఎంత వేగం, డిస్క్ లేస్తుంటే ఎన్ని వోల్ట్‌లు, మీద శాశ్వతంగా ఏముంది. కీబోర్డు వె5లో నల్ల పోర్టుకే, దానికి 3.0 పోర్టు వృథా. మిగిలింది కార్డ్ రీడర్ ఒక్కటే. అది లోపల 9 పిన్నుల 2.0 హెడర్‌కి తగులుకుని ఉంది, చెట్టులో కనిపిస్తోంది గానీ కార్డ్ పెడితే పలకడం లేదు. ముందు వేరే కార్డ్ పెట్టి చూడాలి, తర్వాతే కేబుల్ సంగతి.